దొరకని రెండు తీగలు

నాంపల్లిలో ఆఫీసు వదిలి అబిడ్స్ వైపు నడుస్తుంటే ఆ సందు మొదట్లో ఫ్లెక్సీ కనిపించింది. పూలదండ వేసిన ఫోటో, కింద పెద్ద అక్షరాల్లో ప్రముఖ వస్త్ర వ్యాపారి అని. ఆయన ప్రముఖుడేం కాదు. ఆ సందులో ఉన్న నాలుగు మ్యాచింగ్ సెంటర్లలో ఆయన కూర్చునే దుకాణం మూడోది. అది కూడా వాళ్లన్నది. ఇక వ్యాపారి అన్న మాటను నేను అస్సలు ఒప్పుకోను. ఎవరైనా బేరం మొదలుపెడితే ఆయన మొహం అటు తిప్పుకుని జాకెట్టు ముక్కలు సర్దుకునేవాడు. ఆ ఫ్లెక్సీలో నిజం ఏమన్నా ఉంటే అది వస్త్రం ఒక్కటే.

పేరు రాయను. రాస్తే ఆయనకు నచ్చదు. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు కదా, నేను చెప్పేది ఆయన గురించి మంచే. నా గురించి మాత్రం కాదు.

మొదటిసారి చూసింది ఆరేళ్ల కింద. మా ఆవిడ ఒక చీర సంచిలో పెట్టి నా చేతికిచ్చింది. "ఆఫీసుకెళ్ళి నాలుగడుగులే గదా, గీ చీరకు టూ బై టూ జాకెట్టు ముక్క తేరాదు" అంది. మగవాడు ఒంటరిగా మ్యాచింగ్ సెంటర్లో నిలబడడం ఎంత కష్టమో నిలబడ్డవాడికే తెలుస్తుంది. దుకాణం వెడల్పు నిండా ఆరడుగులు లేదు. గోడలకు కింది నుంచి పైదాకా రంగురంగుల ముక్కల దొంతరలు. ముందు అడ్డంగా ఒక చెక్క పలక, దాని వెనక పరుపు మీద బాసింపట్టు వేసుకుని ఆయన. ఆ పలక ఎత్తితే తప్ప బయటికి దారి లేదు. ఎత్తాలంటే ముందున్న ఆడవాళ్లందరూ వెనక్కి జరగాలి. పొద్దున పదిన్నర నుంచి వాళ్లు జరిగేదీ లేదు, ఆయన లేచేదీ లేదు. పక్కన గల్లా దగ్గర వాళ్లన్న.

నా వంతు కోసం చూస్తూ ఆయన ఎడమచేతిని గమనించాను. ఒళ్లో మీటరు బద్ద పెట్టుకుని దాన్ని ఎడమచేత్తో పట్టుకున్నాడు. కుడిచేత్తో ముక్క చించుతున్నా, మాట్లాడుతున్నా, ఎడమచేతి వేళ్లు మాత్రం ఆ బద్ద మీద ఏదో ఒక చోట నొక్కిపెట్టి ఉన్నాయి. హాస్టల్లో ఉన్న రోజుల్లో నేనూ కొంత గిటారు వాయించినవాణ్ని. నోరు ఊరుకోలేదు.

"బి సెవెన్ కార్డ్ గదా అన్నా" అన్నాను, అంతమంది ఆడవాళ్ల మధ్య.

ఆయన తలెత్తి చూశాడు. "కాదు. మంచిగ చూడు. చిటికెనేలు యాడున్నది?"

చిటికెన వేలు మిగతా వేళ్లకు జానెడు దూరంలో ఉంది. అలాంటి కార్డ్ నేనెప్పుడూ చూడలేదు. అదే చెప్పాను. ఆయన సంతోషించాడో లేదో తెలియదు గానీ, "ఏం రంగు గావాలె?" అని చీర అందుకున్నాడు. ఆ బద్ద మీద గిటారు మెడ మీద ఉండే మెట్లలాగా బ్లేడుతో గీతలు గీసుకున్నాడని అప్పుడే చూశాను. ఒకసారి ఒకావిడ ఆ గీతలు చూసి, దొంగ కొలత అని గొడవ చేసిందట. వాళ్లన్న కొత్త బద్ద తెప్పిస్తే, వారం తిరగకముందే దాని మీదా గీతలు పడ్డాయి.

చీరకు మూడు ముక్కలు తీసి నా చేతిలో పెట్టాడు. మూడూ నాకు ఒకటే రంగు. "ట్యూబులైటు కింద రంగు నమ్మొద్దు తమ్మీ. అబద్ధమాడ్తది. బయటికి వోయి ఎండకు వట్టు." ఆయన బయటికి రాలేడు కాబట్టి కొన్నవాళ్లే ఫుట్‌పాత్ మీద నిలబడి చీరా ముక్కా కలిపి పైకెత్తాలి. ఆయన లోపలి నుంచి మెడ సాచి చూసి చెప్తాడు. నేను అబిడ్స్ నడిబజారులో మా ఆవిడ చీర నెత్తి మీదికెత్తి నిలబడ్డాను. "ఇంకొంచెం మీదికి. ఆఁ, రెండోది. తీస్కపో" అన్నాడు. ఇంటికి తెచ్చాక మా ఆవిడ, ఇన్నేళ్లలో నేను చేసిన పనుల్లో వంక పెట్టలేనిది ఇదొక్కటే అంది.

అట్లా మొదలైంది. మధ్యాహ్నం రెండింటికి వాళ్లన్న అన్నం తిని గల్లా మీదే కునుకు తీసేవాడు. గిరాకీ లేని ఆ గంట ఆయనది. లోపలి మూలన ఇనప నిచ్చెన ఎక్కితే దుకాణం పైన సరుకు పెట్టుకునే అటక ఉంది. నిలబడితే తల తగులుతుంది. కూర్చుంటే మోకాళ్లు బట్టల మూటలకు తగులుతాయి. అక్కడ ఒక గిటారు, ఒక టేప్ రికార్డరు, ఒక జాకెట్టు ముక్కలో చుట్టిపెట్టిన క్యాసెట్టు. లంచ్ టైములో ఆఫీసు నుంచి నేనూ వెళ్లి ఆ నిచ్చెన ఎక్కేవాణ్ని.

గిటారు తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. దానికి ఆరు తీగలు. ఎడమచేతి వేళ్లతో వాటిని మెడ మీద తలోచోట నొక్కి, కుడిచేత్తో ఒక్కసారి మీటితే ఆరు స్వరాలు కలిసి పలుకుతాయి. దాన్ని కార్డ్ అంటారు. ఒకే కార్డ్‌ను పది చోట్ల పది రకాలుగా పట్టుకోవచ్చు. ఏ స్వరం పైన ఉంది, ఏది కింద ఉంది, ఏది రెండుసార్లు వచ్చింది అన్నదాన్ని బట్టి దాని మొహం మారిపోతుంది. పాటల పుస్తకాల్లో కార్డ్ పేరుంటుంది, పట్టు ఉండదు. ఆయనకు కావలసింది పట్టు. "కార్డ్ తెల్వుడు పెద్ద ముచ్చట గాదు. వాడెట్ల వట్టిండో గది తెల్వాలె" అనేవాడు.

వాడు అంటే ఆ క్యాసెట్టులో వాయించినవాడు. అదొక ఇంగ్లీషు రాక్ పాట. పేరు చెప్పను. చెప్తే మీరు ఇప్పుడే ఫోన్లో విని, ఇంతోటి దానికేనా అనుకుంటారు. అందులో ప్రతి చరణం చివర పాడేవాడు ఆగిపోతాడు. డ్రమ్ములు ఆగిపోతాయి. గిటారు ఒక్కటే ఒక కార్డ్ కొట్టి వదిలేస్తుంది. అది మోగుతూ ఉండగానే మళ్లీ అందరూ అందుకుంటారు. పాటంతా ఆయనకు వచ్చు. ఆ ఒక్క కార్డ్ రాదు. ఇరవై ఎనిమిదేళ్లుగా రాదు.

అందులో లావు తీగలు నాలుగూ ఎనిమిదో మెట్టుకూ పదో మెట్టుకూ మధ్య పలుకుతున్నాయని ఆయన ఎప్పుడో పట్టేశాడు. వాటికే నాలుగు వేళ్లూ సరిపోయాయి. కానీ సన్నని తీగలు రెండు ఎక్కడో కింద, మొదటి మెట్టు దగ్గర మోగుతున్నాయి. అక్కడికి చెయ్యి ఎట్లా వస్తుంది? "ఒక్క చెయ్యి ఒక్కపారే రెండు జాగలల్ల ఉండాలె తమ్మీ. ఎట్లుంటది చెప్పు? గని వాడు వెట్టిండు గద, ఇనవడ్తుంది గద" అనేవాడు. బొటనవేలు పైనుంచి చుట్టి చూశాడు. చూపుడు వేలు మొదటి మెట్టు మీద కట్టి చిటికెన వేలును ఆరో మెట్టు దాకా లాగి చూశాడు. జాకెట్టు ముక్కల మధ్య పెట్టే అట్టముక్కల మీద ఆరు గీతలు గీసి, చుక్కలు పెట్టి, ప్రతి ప్రయత్నాన్నీ దాచుకున్నాడు. అటక మీద ఒక మూటలో ఉండాల్సిన బట్ట స్థానంలో ఆ అట్టలే ఉండేవి. అన్నిటిలోనూ ఏవో తీగలు తప్పిపోయేవి. ఆరింటిలో నాలుగు దొరికేవి, రెండు దొరికేవి కావు.

"మెడకు క్లిప్పు పెట్టాడేమో అన్నా" అన్నాను ఒకసారి. మొదటి మెట్టు దగ్గర తీగలన్నిటినీ ఒకేసారి బిగించే క్లిప్పు ఒకటుంటుంది. అది పెడితే ఆ రెండు తీగలూ వాటంతటవే పలుకుతాయి. ఆయన క్యాసెట్టు పెట్టెలోంచి లోపలి కాగితం తీసి నా ముందు పెట్టాడు. దాని మీద ఆ వాయించేవాడి ఫోటో, గిటారు మెడతో సహా. "ఉన్నదా క్లిప్పు? లేదు. చెయ్యితోనే వట్టిండు. వానికైనప్పుడు నాకెందుకు గాదు?"

ఆ క్యాసెట్టు మీద ఆయనకు మహా గర్వం. అప్పట్లో దగ్గర్లోనే ఒక డబ్బింగ్ దుకాణం ఉండేదట. ఖాళీ క్యాసెట్టు ఇస్తే ఏ ఆల్బమైనా ఎక్కించి ఇచ్చేవాడు. అందరి క్యాసెట్టుల్లోనూ ఒక వైపు చివరి పాట సగంలో తెగిపోయేది. "నాది తెగలే. వాడు ముందే చెప్పిండు, మా కాడ ఆఖరి పాట తెగదు అని" అనేవాడు. ఈ పాట ఆ వైపు చివరిదే. టేపు అరిగిపోతుందని దాన్నుంచి తానే మూడు కాపీలు తీసుకున్నాడు. ఒకసారి ఎవరి ఫోన్లోనో ఆ పాట మోగితే చెవి పెట్టి విని, "ఫోన్లల్ల పాటలు సుస్తయినయ్" అని, మందంగా సాగుతున్నాయని కొట్టిపారేశాడట.

అటక మీద గంట ఎప్పుడూ గంట కాదు. కింద నుంచి దగ్గు వినిపించేది. వాళ్లన్న పిలవడు, అరవడు. ఒక్కసారి దగ్గుతాడు. ఈయన కార్డ్ మధ్యలో ఉన్నా వేళ్లు విడిచి, గిటారు కొక్కేనికి తగిలించి, నిచ్చెన దిగిపోయేవాడు. నేను ఒకసారి ఆయన మొహం చూద్దామని ప్రయత్నించాను. చూసేలోగా సగం నిచ్చెన దిగిపోయాడు.

వాళ్ల ఇల్లు నాంపల్లి స్టేషను వెనక. పొద్దున నేను స్టేషను బయట చాయ్ బండి దగ్గర ఆగితే ఆయన నడిచి వస్తూ కనిపించేవాడు. ఒకరోజు చాయ్ తాగుతూ అన్నాడు. "మా ఇంటెనుక పట్టాలు గోడకొచ్చి ఆగుతై తమ్మీ. గీడికెళ్ళి ముందటికి వోయే రైలు లేదు. వచ్చిన తొవ్వలనే వాపస్ వోవాలె."

"నువ్వెప్పుడూ యాడికీ పోలేదా అన్నా?"

"ఒక్కపారి ఎక్కిన. దోస్తులు బెంగళూరుల వాయిస్తున్నరు, నన్ను రమ్మన్నరు. గిటారు వట్టుకొని సీట్ల కూసున్న గూడ."

"మరి?"

"అన్న ప్లాట్‌ఫారం మీద నిలవడి దగ్గిండు."

"దిగినవా?"

"దిగిన" అన్నాడు, చాయ్‌లో చక్కెర ఎక్కువైందని చెప్పినంత మామూలుగా. నేను నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వినందుకు నాకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మూడో ఏడు వచ్చేసరికి ఆయన చిటికెన వేలు మొండికేసింది. వంచితే అట్లాగే ఉండిపోయేది. కుడిచేత్తో పట్టుకుని లాగితే టక్కున తెరుచుకునేది. ఆ చప్పుడుకు పలక ముందున్న ఆడవాళ్లు ఉలిక్కిపడేవాళ్లు. దవాఖానలో గిటారు మానెయ్యమన్నారు. లేకపోతే వేలు ముడుచుకుపోయి ఇక తెరుచుకోదన్నారు. ఆ మాట ఆయన నాకు అటక మీద చెప్పాడు. "వేలు వోతే వోనీ. అంతల్నే ఒక్కసారి, ఆరు తీగలతోని, మొదటికెళ్ళి ఆఖరిదాంక పూరా కొట్టాలె. గంతే నాకు. దాని తర్వాత ఏమైనా ఫికర్ లేదు." ఆయనకు కావలసింది అదొక్కటే అని నాకు అప్పుడు బాగా తెలిసింది. వేలుకు ఎక్కువ రోజుల్లేవనీ తెలిసింది.

ఆయన్ని చూసి నేనూ ఒక పాత గిటారు కొనుక్కున్నాను. ఒక ఆదివారం పొద్దున మా ఆవిడ కూరగాయలకు వెళ్లింది. ఆ పాటను మొదటిసారి ఫోన్లో పెట్టుకున్నాను. ఆయన అన్నది నిజమే, నీరసంగా వినిపించింది. ఎందుకో గిటారు అందుకుని ఆ కార్డ్ దగ్గర ఆపి వెతికాను. లావు తీగలు ఎనిమిదో మెట్టు దగ్గర కుదరలేదు. ఒక మెట్టు కిందికి, ఏడో మెట్టుకు జరిగాను. కుదిరాయి. సన్నని తీగలు రెండూ అసలు నొక్కనే అక్కర్లేదు. ఊరికే వదిలేస్తే అవే మోగాయి. ఆరు తీగలూ మోగాయి.

గిటారు పక్కన పెట్టి లెక్క వేసుకున్నాను. తప్పు ఆయన చేతిలో లేదు, చెవిలో లేదు. క్యాసెట్టులో ఉంది. అరవై నిమిషాల క్యాసెట్టుకు ఒక వైపు పట్టేది ముప్పై నిమిషాలే. ఆల్బమ్ ఒక వైపు ముప్పై రెండు దాకా ఉంటే చివరి పాట తెగుతుంది. ఆ డబ్బింగ్ దుకాణంవాడు తెగకుండా ఉండాలని అసలు పాట మోగించే మిషన్ని కొంచెం తొందరగా తిప్పాడు. టేపు తొందరగా తిరిగితే పాట పైకి లేస్తుంది. సరిగ్గా ఒక్క మెట్టు లేచింది. వదిలేసిన తీగలు కూడా ఒక మెట్టు పైకెక్కి, ఎవరో మొదటి మెట్టు దగ్గర నొక్కినట్టు వినిపించాయి. ఎవరూ నొక్కలేదు. అక్కడ చెయ్యే లేదు.

జాకెట్టు ముక్కను ట్యూబులైటు కింద చూడనివ్వని మనిషి, ఆ క్యాసెట్టును మాత్రం ఒక్కరోజు అనుమానించలేదు. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు ఆయన గుర్తు రాలేదు. ఆయన వేలూ గుర్తు రాలేదు. నేను కనిపెట్టాను అన్నదే గుర్తుంది. కూరగాయలతో తిరిగొచ్చిన మా ఆవిడకు గడప దగ్గరే చెప్పాను. ఆమె సంచి కింద పెట్టి, "పాపం, మరి గిప్పుడు ఆయనకెట్ల జెప్తవ్?" అంది. ఎట్లా చెప్పడమేంటి, సంతోషించే విషయం కదా అన్నాను. ఫోన్ చేసి, కార్డ్ దొరికిందన్నాను. "దుకాణంకు రా. అన్న ఉండడు" అన్నాడు.

ఆదివారం అబిడ్స్‌లో దుకాణాలు మూసుంటాయి. మూసిన షటర్ల ముందు పాత పుస్తకాలవాళ్లు ఫుట్‌పాత్ నిండా పరుచుకుంటారు. నేను వెళ్లేసరికి ఆయన దుకాణం షటరు సగం ఎత్తి ఉంది. వంగి లోపలికి దూరాను. రెండు నిమిషాలకు బయట పుస్తకాలాయన, "అన్నా, షటర్ జర కిందికి గుంజుతున్న, గైడ్లు వెట్టాలె" అన్నాడు. ఈయన సరేనన్నాడు. షటరు పడింది. దానికి ఆనించి ఇంటర్ గైడ్లూ ఇంజనీరింగ్ పుస్తకాలూ పేరుస్తున్న చప్పుడు వినిపించింది. లోపల ట్యూబులైటు, ఫ్యాను, మేమిద్దరం. ఆయన అప్పటికే అటక మీది నుంచి గిటారూ టేప్ రికార్డరూ కిందికి తెచ్చి పెట్టుకున్నాడు. తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

నేను కార్డ్ చూపించకుండా ముందు క్యాసెట్టు సంగతి మొదలుపెట్టాను. కనిపెట్టిన తీరు చెప్పుకోవాలి కదా.

"క్యాసెట్ ఎందుకు తప్పైతది?" అన్నాడు.

ఫోన్లో పాట పెట్టాను. "సుస్తుగున్నది" అన్నాడు. ఆయన క్యాసెట్టు పెట్టాను. మళ్లీ ఫోన్ పెట్టాను. నాలుగోసారికి ఆయన గిటారు తీగ ఒకటి మీటి, రెండిటితోనూ సరిచూశాడు. ఒక మెట్టు తేడా ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"అన్నా, ఇన్నేండ్లు నువ్వు పాటను ట్యూబులైటు కింద చూసినవ్" అన్నాను. ముందే అనుకుని వచ్చిన మాట అది. ఆయన నవ్వలేదు.

"ఆఖరి పాట తెగదన్నడు వాడు" అన్నాడు మెల్లగా. "ఎట్ల తెగకుంట చేస్తవని నేనడగలే."

చెయ్యి ఎట్లా పెట్టాలో చూపించబోయాను. ఆయన నా చేతిని పక్కకు జరిపి, ఏడో మెట్టు దగ్గర తానే వేళ్లు పెట్టుకున్నాడు. చిటికెన వేలును కుడిచేత్తో లాగి సరిచేసి దాని చోట ఆనించాడు. సన్నని తీగలు వదిలేశాడు. ఒక్కసారి మీటాడు.

ఆ చిన్న దుకాణంలో అది ఎంత బాగా మోగిందో చెప్పలేను. మళ్లీ మీటాడు. ఆ తర్వాత పాట మొదటికి వెళ్లి, గొంతు లోపలే పాడుకుంటూ వాయించాడు. ప్రతి చరణం చివరా ఆ కార్డ్ వచ్చింది, ప్రతిసారీ ఆరు తీగలతో వచ్చింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పాట అయిపోయింది. నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది. తీగల మోత పూర్తిగా ఆగేదాకా ఆయన కదల్లేదు.

"గిదేనా?" అన్నాడు.

"ఔ అన్నా, గిదే."

"గింతేనా?"

తల ఊపాను. ఆయన గిటారు పరుపు మీద పడుకోబెట్టాడు.

"నీకెంతసేపు వట్టింది తమ్మీ?"

బుద్ధున్నవాడెవడైనా నెలరోజులు అని చెప్పి ఉండేవాడు. కనీసం వారం అని ఉండేవాడు. నేను పది నిమిషాలన్నాను. అది కూడా కాస్త గొప్పగా అన్నాను.

ఆయన తల ఆడించాడు. రంగు కుదిరినప్పుడు ఆడించినట్టే ఆడించాడు. అప్పుడు నాకు మా ఆవిడ అన్నది గుర్తొచ్చింది. ఇక అక్కడ ఒక్క నిమిషం కూడా ఉండలేననిపించింది. లేచి షటరు మీద తట్టాను. బయట నుంచి పుస్తకాలాయన, "అన్నా, ఒక్క గంట ఆగుండ్రి. పూరా సామాన్ తియ్యాలంటే కష్టం. గిరాకీ నడుస్తుంది" అన్నాడు. గట్టిగా అడుగుదామనుకున్నాను. ఈయన వద్దన్నాడు. "ఉండని తమ్మీ. ఆదివారం ఒక్కరోజే గద వానిది."

ఆ గంట నా జన్మలో మరిచిపోను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. లేచి దొంతరల్లో ముక్కలు సర్దడం మొదలుపెట్టాడు. మెంతి రంగు పక్కన గంధం రంగు, గంధం పక్కన మీగడ రంగు. సరిగ్గానే ఉన్నవాటిని తీసి మళ్లీ అట్లాగే పెట్టాడు. చిటికెన వేలు వంగి ఉండిపోయింది. లాగి తెరుచుకుంటాడేమోనని చూశాను. తెరుచుకోలేదు. "ఇంటికాడ ఎదురుచూస్తున్నరేమో" అన్నాడు ఒకసారి. లేదన్నాను. షటరు అవతల ఎవరో ఒక పుస్తకం గురించి బేరమాడుతూనే ఉన్నారు.

తర్వాత నాలుగు నెలలు నేనటు పోలేదు. పని ఎక్కువగా ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. ఒక మధ్యాహ్నం మా ఆవిడ లైనింగు బట్ట తెమ్మంటే తప్పలేదు. రెండు దాటింది. వాళ్లన్న గల్లా దగ్గర మెలకువగానే ఉన్నాడు. నన్ను చూసి, ఎప్పుడూ లేనిది, లేచి నిలబడ్డాడు. స్టూలు జరిపి కూర్చోమన్నాడు. చాయ్ తెప్పించాడు.

"మీరు మంచి దోస్తు సార్. మా తమ్ముడు మస్తు సుధరాయించిండు, దారిలవడ్డడు. మీదికి ఎక్కుడే బంద్ చేసిండు. గిప్పుడు పొద్దుగాల కూసుంటే పొద్దుమూకేదాంక లేవడు. మా బాపు ఉంటే ఎంత ఖుషీ అవుతుండెనో" అన్నాడు. చాయ్ అట్లాగే గల్లా మీద పెట్టి లేచాను.

పలక దగ్గరికి వెళ్లాను. ఆయన రెండు చేతులతో లైనింగు బట్ట కొలుస్తున్నాడు. చిక్కలేదు, గడ్డం పెంచలేదు, మనిషి బాగానే ఉన్నాడు. బాగున్నావా అంటే బాగున్నానన్నాడు. గిటారు ఏమైందంటే, పక్కింటి పిల్లలకిచ్చానన్నాడు. నేను గొంతు తగ్గించి, "ఇంకో పాట చూద్దాం అన్నా. నేను వెతుకుతా, కష్టమైందే వెతుకుతా" అన్నాను.

ఆయన బట్ట మడత పెట్టి కాగితంలో చుట్టాడు. నా మొహం చూసి ఆయనకే జాలేసినట్టుంది.

"నీ తప్పేం లేదు తమ్మీ. నువ్వు ఉన్నదే జెప్పినవ్. గా రెండు తీగలు దొరకనన్ని దినాలు నాకు గీ దుకాణం కనవడలే. ఈడనే కూసున్న గని కనవడలే. గిప్పుడు కనవడ్తుంది" అన్నాడు, పొట్లం నా చేతిలో పెట్టి.